నిప్పు నోట్లో పెట్టుకున్న మా అమ్మ

(మే 12, నర్సుల దినోత్సవం నాడు శ్రీకాకుళంలో నర్సింగ్ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, నా తోటి సిస్టర్లకు, ఈ రోజు దీపం పట్టుకుని ప్రమాణం చేసిన పిల్లలకు, ఆ పిల్లల్ని కళ్ళారా చూసుకుందామని పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన అమ్మలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. మైకు అందరికీ వినబడుతోందా? వెనక వరసలో ఒక మామ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. అమ్మా, ఇలా ముందుకు రండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. ఈ మాటల్లో సగం మీ కోసమే.

నాకిచ్చిన అంశం ‘స్వయంకృత వ్యాధులు, చికిత్సలో ప్రాధాన్యం’. తాగి కాలేయం పాడు చేసుకున్నవాడు, పొగ తాగి క్యాన్సర్ తెచ్చుకున్నవాడు, నోరు కట్టుకోలేక సుగర్ ముదరబెట్టుకున్నవాడు, వీళ్ళూ ఏ తప్పూ చేయకుండా జబ్బు పడ్డవాళ్ళూ ఒకే వరసలో నిలబడాలా, లేకపోతే వీళ్ళని కాస్త వెనక్కి జరపొచ్చా అని. పది పేజీలు రాసుకొచ్చాను. ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టిన 1820 దగ్గర మొదలుపెట్టి వరసగా రాశాను. కానీ ఇందాక మీరు దీపాలు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ చివర ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిమ్మల్ని చూస్తూ ఉంది. మా అమ్మ అచ్చం అలాగే నిలబడేది. కాగితాలు తర్వాత చూద్దాం. ముందు మా అమ్మ సంగతి చెప్పనివ్వండి.

మాది కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్న వేటకెళితే, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. అమ్మ చుట్ట కాల్చేది. మామూలుగా కాదు, అడ్డపొగ. ఇక్కడి పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియని పిల్లలకి చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. బూడిద కూడా నోట్లోనే రాలుతుంది. చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. మాకు మాత్రం అది ఇంట్లో పొయ్యి వెలగడంలాంటిది. మా అమ్మమ్మ అలాగే కాల్చింది, మా పెద్దమ్మ అలాగే కాల్చింది.

ఎందుకు కాల్చేవారు? ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోతుంది, లోపల పెట్టుకుంటే ఆరదు. ఒక చుట్ట చాలాసేపు వస్తుంది. ఒక చెయ్యి గంప మీద, ఒక చెయ్యి తక్కెడ మీద ఉన్న మనిషికి చుట్ట పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? పంటి నొప్పి తెలియదు. తెల్లవారుజామున మూడు గంటలకి లేచి, మధ్యాహ్నం రెండింటికి గానీ గంజి ముఖం చూడని మనిషికి ఆకలీ తెలియదు. ఇవన్నీ మా అమ్మ నోట విన్నవే. దీన్ని ‘జీవనశైలి’ అంటారని నేను నర్సింగ్‌లో చేరాక పుస్తకంలో చదివాను. ఆ మాట చదివిన రోజు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

అంగిలి క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు. మన ఉత్తర కోస్తా ఒడ్డున అరుదు కాదు. కారణం అడ్డపొగేనని 1950ల్లోనే మన డాక్టర్లు రాశారు. ఆ తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థలో పనిచేసిన మెహతా, వాళ్ళ బృందం మన శ్రీకాకుళం జిల్లా ఊళ్ళకే వచ్చి, 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో అచ్చు వేశారు. అడ్డపొగ కాల్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. అంగిలి తెల్లగా మొద్దుబారడం, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఆ తర్వాత పుండు. మీ పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. మా ఇంట్లో అది అమ్మ.

1976లో నేను పదో తరగతి. అమ్మ అన్నం తింటుంటే ముక్కులోంచి నీళ్ళు వస్తున్నాయి. అప్పటికే అంగిలికి చిల్లు పడిందన్నమాట, మాకేం తెలుసు? ఇంట్లో చదువుకున్నదాన్ని నేనేనని నన్ను వెంటబెట్టుకుని పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని నేను చెప్పను, మీరూ అడగొద్దు. తెల్లారకముందే వెళ్ళి ఓపీ చీటీ తీసుకున్నాం. మా నెంబరు పదకొండు. మా వంతు వచ్చింది. కుర్చీలో ఉన్నది కుర్ర డాక్టరు. అమ్మ ఇంకా నోరు తెరవలేదు. వాసన తగిలింది ఆయనకి. ‘చుట్టా?’ అన్నాడు. అమ్మ తలూపింది. ‘అడ్డమా?’ అమ్మ మళ్ళీ తలూపింది. చీటీ తీసి, దొంతర కింద పెట్టాడు. ‘నిప్పు నోట్లో పెట్టుకున్నదానికి ఇప్పుడు తొందరేమిటి? ఏ పాపం ఎరగనివాళ్ళు ఇంతమంది నిలబడ్డారు. ముందు వాళ్ళని చూడనీ’ అన్నాడు.

గోడ పక్కన కూర్చున్నాం. ఒంటిగంటకి ఓపీ మూసేశారు. రేపు రమ్మన్నారు. ‘ఉందామే అమ్మా, సత్రంలో పడుకుని పొద్దున్నే ముందు నిలబడదాం’ అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాతో ఒకటే మాట అంది. ‘ఎల్లిపోదాం గుంటా. ఆ బాబు సెప్పినదాంట్లో అబద్దం ఏటుంది? సేసుకున్నదే కదా.’

ఆ ఒక్క రోజు ఆలస్యం మా అమ్మని చంపిందని నేను అనను. నర్సుని, అలా అనకూడదు. అప్పటికే జబ్బు ముదిరి ఉండొచ్చు. కానీ అమ్మ మళ్ళీ ఏ ఆసుపత్రి గుమ్మమూ తొక్కలేదు. నాన్న బతిమాలాడు, నేను ఏడ్చాను, మా మేనమామ ఎడ్లబండి కట్టుకొచ్చాడు. రాలేదు. నొప్పికి మందు లేదు, పుండుకి కట్టు లేదు, ఆఖరి నెలల్లో అరటిపండు గుజ్జు కూడా దిగలేదు. ఆ డాక్టరు వెనక్కి పెట్టింది ఒక చీటీనే, ఒక పూటకే. అమ్మ మాత్రం తనని తాను ఎప్పటికీ వెనక్కి పెట్టేసుకుంది. పిల్లలూ, ఇది మీరు బాగా వినాలి. వరసలో ఒక మనిషిని ‘చేసుకున్నావు కదా’ అని వెనక్కి జరిపితే, ఆ మనిషి ఒక నెంబరు వెనక్కి వెళ్ళడు, వరసలోంచే వెళ్ళిపోతాడు. వాడితోపాటు ఆ ఊళ్ళో అదే అలవాటున్న పదిమందీ ఇంట్లోనే ఉండిపోతారు. మా వీధిలో ఆ తర్వాత ఇద్దరు ముసలమ్మలు అలాగే పోయారు. ‘ఎల్తే తిడతారంట’ అనేవారు.

ఇప్పుడు నా సంగతి. డాక్టరుని తిట్టేసి కూర్చోవడానికి నాకు హక్కు లేదు. 37 ఏళ్ళు డ్యూటీ చేశాను. కొన్నేళ్ళు మగవాళ్ళ మెడికల్ వార్డులో. కడుపునిండా నీరు చేరి, కళ్ళు పసుపుముద్దలై, రక్తం కక్కుకుంటూ వచ్చే తాగుబోతు మనుషుల్ని ఎంతమందిని చూశానో లెక్కలేదు. ఒక రాత్రి నేనొక్కదాన్నే ఉన్నాను. గుండెజబ్బు కుర్రాడొకడు, జ్వరంతో ఒక బడిపంతులు, మూడోసారి అదే జబ్బుతో వచ్చి చేరిన రిక్షా మనిషి ఒకాయన. ఆయన రెండుసార్లు పిలిచాడు. నేను వినీ వెళ్ళలేదు. పంతులుగారికి థర్మామీటర్ పెట్టి, ఆయనతో రెండు మాటలు మాట్లాడి, దుప్పటి సర్ది, అప్పుడు వెళ్ళాను. నిజానికి ఆ వేళ ముందు చూడాల్సింది రిక్షా ఆయన్నే, నాడి కొట్టుకునే తీరు చూస్తే తెలిసేది. నన్ను చూసి ఆయన అన్నమాట ఏమిటో తెలుసా? ‘నాది సేసుకున్న జబ్బేలేమ్మా. ఆలస్యమైతే అయింది. ఆళ్ళని సూసేరా ముందు?’

మా అమ్మ గొంతే అది. ఆ రాత్రి ఆయన బతికాడు. నేను సెలైన్ మారుస్తుంటే నా చేతులు వణికాయి.

అందుకే నేను ఈ అంశం గురించి పుస్తకంలో పాఠంలా మాట్లాడలేను.

సరే, ఎదుటివాళ్ళ వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. డబ్బు తక్కువ, మంచాలు తక్కువ, కాలేయాలు మరీ తక్కువ. చనిపోయిన మనిషి ఇంటివాళ్ళు అంత దుఃఖంలోనూ అవయవం ఇస్తే, దాన్ని తాగేవాడికి పెడతారా అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇంగ్లండ్‌లో జార్జ్ బెస్ట్ అనే గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడికి 2002లో కాలేయం మార్చారు. ఆయన మళ్ళీ తాగాడు, 2005లో చనిపోయాడు. ఆ దేశంలో పెద్ద గొడవే జరిగింది. ఆ ఒక్క పేరు చెప్పి ఇప్పటికీ నోళ్ళు మూయిస్తారు.

నేను ఇంకో లెక్క చెబుతాను. తాగుడు వల్ల కాలేయ మార్పిడి అవసరమైనవాళ్ళు ఆరు నెలలు మానేసి చూపించాలనే నియమం చాలా దేశాల్లో చాలాకాలం నడిచింది. అందులో వైద్యపరంగా అర్థం ఉంది, కాదనను. మానేస్తే కొందరికి సొంత కాలేయమే కోలుకుంటుంది, మార్పిడే అక్కర్లేకుండా పోతుంది. కానీ తీవ్రంగా వాచిపోయిన కాలేయంతో, మందులకు లొంగకుండా పడి ఉన్న మనిషికి ఆరు నెలలు ఎక్కడివి? ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు చాలా వడపోసి ఎంచుకున్న 26 మందికి ఆరు నెలలు ఆగకుండా మార్పిడి చేసి 2011లో ఫలితం ప్రకటించారు. ఆరు నెలలకి బతికున్నవాళ్ళు 77 శాతం. అలాంటి స్థితిలోనే ఉండి మార్పిడి దొరకనివాళ్ళలో 23 శాతం. ఆ 26 మందిలో మళ్ళీ తాగింది ముగ్గురు. అంటే, ‘వీడికి పెట్టినా వృథా’ అని మనం మనసులో అనుకునేది, అడక్కుండానే రాసేసుకున్న తీర్పు. వృథానో కాదో పరీక్ష చేసి తేల్చాలి. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఉన్నారా, మనిషి మానేయడానికి సిద్ధమా, ఒళ్ళు ఆపరేషన్‌కి తట్టుకుంటుందా, ఇవి అడగొచ్చు, అడగాలి. ఇవి ముందు జరగబోయేదాని గురించి ప్రశ్నలు. ‘ఎందుకు తాగావు’ అనేది జరిగిపోయినదాని మీద శిక్ష.

అమెరికాలో 2002 నుంచి కాలేయం కోసం ఎదురుచూసే పెద్దవాళ్ళ వరసని రక్తపరీక్షల అంకెలతో పేర్చడం మొదలుపెట్టారు. కామెర్లు ఎంత ముదిరాయో చెప్పే బిలిరుబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే వేగం. ఎవరు ముందు చనిపోయే స్థితిలో ఉన్నారో వాళ్ళు ముందు. నాకు ఆ పద్ధతి నచ్చింది. బిలిరుబిన్‌కి మనిషి ఒంటి మీది వాసన తెలియదు.

మనుషులు కూర్చుని మనుషుల యోగ్యత తూచితే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 1960లలో అమెరికాలోని సియాటిల్ నగరంలో డయాలసిస్ మెషీన్లు కొద్దిగా ఉన్నాయి, రోగులు ఎక్కువ. ఏడుగురితో ఒక కమిటీ వేశారు. ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకు ఆయన, ఒక గృహిణి, అలాంటివాళ్ళు. వాళ్ళు రోగికి పెళ్ళయిందా, పిల్లలెందరు, ఆస్తి ఎంత, చదువేమిటి, చర్చికి వెళ్తాడా అని చూసి ఎవరికి మెషీన్ ఇవ్వాలో తేల్చేవారు. 1962లో ఒక పత్రిక ఆ సంగతి రాసేసరికి జనం నివ్వెరపోయారు. ఆ ఏడుగురూ దుర్మార్గులు కారు, తమకు తెలిసిన మంచితనంతోనే తూచారు. కానీ ఆ తక్కెడలో మా అమ్మని పెడితే ఎటు మొగ్గుతుంది? చేపలమ్ముకునే మనిషి, చదువు లేదు, ఆస్తి లేదు, నోటి నిండా పొగాకు వాసన. పదేళ్ళ తర్వాత, 1972లో అక్కడి ప్రభుత్వం దాదాపు అందరి డయాలసిస్ ఖర్చూ తానే భరించేలా చట్టం చేసింది. మెషీన్లు పెరిగాయి, కమిటీ అవసరం తీరింది. యోగ్యుల్ని ఏరడానికి పెట్టే బుర్ర, కొరత తీర్చడానికి పెట్టొచ్చని ఇది చదివాక నాకు అర్థమైంది.

డయాలసిస్ అన్నాను కాబట్టి... ఈ హాల్లో కవిటి, సోంపేట, కంచిలి వైపు పిల్లలు ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తండి. చూశారా, ఇంతమంది. మీ ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు చూడని ఇల్లు ఉందా? మీ ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు పైకొచ్చిన కొత్తలో ఎన్ని మాటలన్నారు మీవాళ్ళని! నీళ్ళు సరిగా తాగరన్నారు, నొప్పి బిళ్ళలు మింగుతారన్నారు, సారా అన్నారు. ఇప్పటికీ ఇదీ కారణం అని ఖాయంగా తేలలేదు. పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చాయి. అంతకుముందు ‘చేసుకున్నవాళ్ళు వెనక్కి’ అనే నియమం ఉండి ఉంటే, మీ తాతలు ఏ వరసలో నిలబడేవారు? కొబ్బరితోటలో పగలంతా ఎండలో పనిచేసి, ఒళ్ళు నొప్పులకి బిళ్ళ వేసుకోవడం ఎవరి తప్పు కింద రాసేవారు?

ఇంకో మాట అడుగుతాను. క్యాజువాల్టీకి హెల్మెట్ లేకుండా బండి తోలి తల పగలగొట్టుకున్న కుర్రాడు వస్తే మనం ఏం చేస్తాం? పరుగెత్తుతాం. పరుగెత్తాలి. ఊపిరి ఆడుతోందా, రక్తం ఆగుతోందా అని చూస్తాం తప్ప, హెల్మెట్ ఏదని అడగం. అదీ చేసుకున్నదే కదా? ఆ తప్పుకి వాసన లేదు, అందుకని మన ముక్కుకి తగలదు. కూర్చున్నచోటనే కూర్చుని, రోజుకి నాలుగు స్వీట్లు తిని, కారులో వచ్చే పెద్దమనిషి గుండెపోటుని ‘టెన్షన్ ఎక్కువండీ పాపం’ అంటాం. జీవనశైలి అనే మాట అందరి మీదికీ సమానంగా వెళ్ళదు. పేదవాడి అలవాటు మీదికే వెళుతుంది. నేను 37 ఏళ్ళు చూసి చెబుతున్నాను.

ఇంకా ఒకటి ఉంది, ఇది చెప్పకుండా దిగను. సారా ఎవరు అమ్మారు? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని 1992లో రోడ్డెక్కింది ఎవరి మీద? మొగుళ్ళ మీదే కాదు, ఊరూరా సారా దుకాణం తెరిచిన సర్కారు మీద. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో మద్యం మొత్తం ఆగింది, 1997లో మళ్ళీ తలుపులు తెరుచుకున్నాయి. ఆ పన్నులతో ఖజానా నడిచింది. ఆ ఖజానాలోంచే నా జీతం వచ్చింది. సీసా అమ్మి పన్ను తీసుకున్న చేతితోనే, ‘నువ్వు తాగావు కాబట్టి వెనక్కి వెళ్ళు’ అని ఎలా చూపించను? ఇన్సూరెన్స్ పాలసీల్లో చూడండి, తాగుడు, దాని వల్ల వచ్చే జబ్బులు మినహాయింపు అని ప్రామాణిక షరతుల్లోనే రాసి ఉంటుంది. అది కాగితం మీది వరస. దాన్ని మార్చడం నా చేతిలో లేదు. వార్డులో వరస మాత్రం మన చేతిలో ఉంది.

మానమని చెప్పొద్దంటున్నానా? లేదు. నా గొంతు పోయేలా చెప్పాను. చెబితే వింటారు కూడా. మన జిల్లాతో కలిపి మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి చెప్పి, మానిపించే పని చేశారు, 1986లో దాని ఫలితాలు అచ్చయ్యాయి. చాలామంది తగ్గించారు, కొంతమంది పూర్తిగా మానేశారు. పక్కన కూర్చుని చెప్పారు కాబట్టి విన్నారు. ఆపరేషన్‌కి ముందు పొగ మానితే గాయం త్వరగా మానుతుంది, ఊపిరితిత్తులు తేరుకుంటాయి, కాబట్టి మానమని చెప్పడం వైద్యమే. మానేవరకూ నీకు ఆపరేషనే లేదనడం వేరు. ఇంగ్లండ్‌లో యార్క్ ప్రాంతంలో 2016లో అలాంటి ఆలోచనే చేశారు, పొగ తాగేవాళ్ళకి ఆరు నెలల వరకు, ఒళ్ళు బాగా లావున్నవాళ్ళకి ఏడాది వరకు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేద్దామని. అక్కడి సర్జన్లే తప్పుబట్టారు.

టైమ్ అయిపోయిందని మేడమ్ గారు చూస్తున్నారు. ఇంకో రెండు నిమిషాలు.

పిల్లలూ, రేపటి నుంచి మీ చేతికి కేస్ షీట్లు వస్తాయి. పైన ఎర్ర సిరాతో ‘ఆల్కహాలిక్’ అనో ‘స్మోకర్’ అనో కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ వివరం కావాలి, డోసు మారుతుంది, మత్తు ఇచ్చేవాళ్ళకి తెలియాలి. లోపలి పేజీలో, రోగి చరిత్ర రాసేచోట రాయండి. పేరు పక్కన రాయకండి. పేరు పక్కన రాస్తే మీ తర్వాత డ్యూటీకి వచ్చిన సిస్టర్, మనిషి ముఖం చూడకముందే ఆ మాట చూస్తుంది. నేను అలా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మిగతా పేజీలు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చేస్తాను, నోటీసు బోర్డులో పెట్టుకోండి.

అమ్మలూ, మామ్మలూ, మీరు భోజనాలకి లేవొద్దు. పక్క గదిలో రెండు కుర్చీలు వేయించాను, నా దగ్గర టార్చి ఉంది, పళ్ళ డాక్టరమ్మ ఒకరు మన కోసం వచ్చి కూర్చున్నారు. అడ్డపొగ కాల్చినవాళ్ళు, కాలుస్తున్నవాళ్ళు, మామూలు చుట్ట, బీడీ, గుట్కా, ఎవరైనా సరే వచ్చి ఒక్కసారి నోరు చూపించండి. ముక్క తీసి పరీక్షకి పంపాల్సి వస్తే మీతోపాటు ఆసుపత్రికి నేను వస్తాను. టోకెన్లు లేవు. ముందొచ్చినవాళ్ళని ముందు చూస్తాం. నోట్లో పుండు మానకుండా మూడు వారాలు దాటినవాళ్ళు ఉంటే మాత్రం చెయ్యెత్తండి, వాళ్ళు అందరికంటే ముందు రావాలి. ఆ చివర కొంగు అడ్డం పెట్టుకున్న అమ్మా, నేను కిందికి దిగి వస్తున్నాను, మీరు అక్కడే ఉండండి.